దించిన తర్వాత

దూలాన్ని కప్పు నుంచి కిందికి దించడానికి పొద్దున్నంతా పట్టింది. ముందు దాని పక్కన ఇనుప పైపు నిలబెట్టి, రేకులు కదలకుండా తాళ్ళతో బిగించి, తర్వాత దూలాన్ని మెల్లగా బయటికి లాగాం. పద్నాలుగు అడుగుల టేకు కర్ర. ఎనభై ఏళ్ళ పొయ్యి పొగకు నల్లగా మెరుస్తోంది. నాలుగు చోట్ల మాత్రం, అరచేయంత మేర, లోపలికి అరిగి నున్నగా ఉంది. అవి భుజాలు ఆనిన చోట్లు.

అది మొదట దూలం కాదు. మేనా దండె. రేగుళ్ళపల్లి దొరను, దొరసానిని మేనాలో కూర్చోబెట్టి నలుగురు బోయీలు ఈ కర్రను భుజాన వేసుకుని ఊళ్ళు తిప్పేవాళ్ళు. కూలి లేదు. రానంటే ఊళ్ళో ఉండనివ్వరు. దాని పేరు వెట్టి.

డ్రైవర్ జహంగీర్ భాయ్ ముందు చివర పట్టుకున్నాడు, నేను వెనక. సందులోకి వ్యాను రాదు కాబట్టి ఎనభై గజాలు నడవాలి. పది అడుగులు వేయగానే చేతులు లాగాయి. ఇద్దరం ఒకేసారి కర్రను భుజం మీదికి ఎత్తుకున్నాం.

"దించుండ్రి! భుజం మీదికెల్లి దించుండ్రి!"

బాలనర్సవ్వ గడపలోంచి అరిచింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి గొంతులా లేదు అది.

"జాగ్రత్తగానే పట్టుకున్నాం అవ్వా, దెబ్బ తగలదు" అన్నాను.

"దెబ్బ ముచ్చట గాదు. చేతులతోటి పట్టుకపోండ్రి."

మేము చేతుల్లోకి తీసుకునేదాకా ఆమె గడప దిగి నిలబడే ఉంది. పాతకాలం మనిషి, ఏదో పట్టింపు అనుకున్నాను. మునిమనవరాలు హారిక నా పక్కనే నడుస్తూ వ్యాను దాకా వచ్చింది. ఎనిమిదో తరగతి. బడి బ్యాగును రెండు పట్టీలూ కలిపి చేత్తో పట్టుకుంది, బరువుకు ఒక పక్కకు వంగి నడుస్తోంది.

"భుజానికి వేసుకోవచ్చు కదా?" అన్నాను.

"మా ఇంట్ల వేసుకోరు మేడం" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా.

నేను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

*

మా ప్రయోగశాల పని వంతెనలది. పాత చెక్క వంతెనలు, రైలు పట్టాల కింది దుంగలు ఇంకా ఎంత బరువు మోయగలవో చెప్పడం. అందుకోసం మా పురుషోత్తం సార్ పన్నెండేళ్ళు కష్టపడి ఒక యంత్రం చేశారు. కర్ర వంగిన ప్రతిసారీ దాని లోపలి పోగులు వెంట్రుకవాసి జరిగి అక్కడే ఉండిపోతాయి. ఆవిరిగదిలో మెల్లగా వేడి చేస్తే అవి ఒక్కొక్కటిగా తమ చోటికి తిరిగి వస్తాయి. వచ్చేటప్పుడు చిటుక్కుమంటాయి. ఆ చిటుకులను పట్టుకుని గీతగా మారిస్తే, ఆ కర్ర ఎప్పుడు ఎంత మోసిందో తెలుస్తుంది. ఒక్కసారే. పోగు తన చోటికి వచ్చేశాక ఇక చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. కర్ర కూడా కొంత బలం పోగొట్టుకుంటుంది.

సువర్ణ టీచర్ ఉత్తరం రాసింది ఈ యంత్రం గురించి పేపర్లో చదివి. రేగుళ్ళపల్లి ఉన్నత పాఠశాలలో ఆమె సోషల్ చెప్తుంది. ఎనిమిదో తరగతికి బానిసత్వ నిర్మూలన ఉద్యమం పాఠం. ఆఫ్రికా మనుషులను ఓడల్లో కట్టి తీసుకుపోవడం, చెరకు తోటలు, దానికి ఎదురు నిలబడినవాళ్ళు, చివరికి వచ్చిన చట్టాలు. పాఠం చివర మన దగ్గరి వెట్టి గురించి నాలుగు వాక్యాలు.

"పిల్లలు చట్టం తేదీలు గడగడా చెప్తారండీ" అని రాసింది. "ఇంగ్లండులో కొన్ని వేల ఇళ్ళు బానిసలు పండించిన చక్కెర మాకొద్దని మానేశాయని చెప్పాను. అరవింద్ అనే పిల్లవాడు లేచి, 'చక్కెర తినకపోతే ఏమైతది టీచర్, ఎవలకన్న కనవడ్తదా?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. మా ఊళ్ళో ఒక ఇంట్లో మేనా దండె దూలంగా ఉంది. మీరు దాన్ని చదవగలరా?"

సార్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు. "నువ్వు ఊరి బళ్ళో చదువుకున్నావు కదా హైమా. నువ్వే వెళ్ళి మాట్లాడు."

మాట్లాడటానికి వెళ్ళిన రోజు అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "అది జెప్పినంక, మళ్ళ జెప్పదా?"

"చెప్పదు అవ్వా. ఒక్కసారే."

"నేను గూడ అంతే గదా" అంది. కాసేపటికి మళ్ళీ, "మా నాయిన లచ్చుమయ్య మోసిన దండె అది. ముందట రెండో భుజం ఆయినది. పోరగాండ్లకు తెల్వాలె. తీస్కపో" అంది.

లచ్చుమయ్య పేరు ఆ ఊళ్ళో చాలామందికి తెలుసు. దొర మేనాను నడిదారిలో నేలకేసి కొట్టి వెట్టి మానేసిన మొదటి మనిషి అని చెప్పుకుంటారు. పోయిన ఆగస్టు పదిహేనున హారిక స్టేజీ ఎక్కి అదే చెప్పిందట, చేయి ఎత్తి కొట్టి చూపిస్తూ.

*

ఆవిరిగదిలో దండె ఆరు రోజులు ఉంది. చిటుకులు కొత్తవి ముందు, పాతవి తర్వాత వస్తాయి. అంటే మొదట కప్పు బరువు, తర్వాత మేనా బరువు. తెర మీద రెండు గీతలు నడుస్తుంటాయి. ఎర్రది బరువు. నీలంది తడి. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, కాబట్టి నీలం గీత ఏడాదికొక గూనులా లేస్తుంది. మేము ఎర్ర గీతనే చూస్తాం. నీలం గీత పక్కన ఊరికే నడుస్తూ ఉంటుంది.

మొదలుపెట్టేముందు యంత్రానికి ఎప్పుడూ ఇచ్చే సూచనలే ఇచ్చాను. అందులో ఒకటి, బరువు లేని భాగాలను వదిలేయమని. వంతెన మీద బండి లేని గంటలు మాకెందుకు? వాటిని కత్తిరించి మిగతా ముక్కలను పక్కపక్కన అతికిస్తుంది యంత్రం. అయిదేళ్ళుగా అలాగే చేస్తున్నాం.

నాలుగో రోజు ఎర్ర గీత ఊగడం మొదలైంది. అడుగుల ఊపు. నలుగురి నడక ఒకే మనిషి నడకలా ఉంది. సార్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఇది చూడు" అన్నారు కాసేపటికి. "మిట్ట ఎక్కుతున్నారు. మిట్ట ఎక్కేటప్పుడు బరువు వెనక్కి రావాలి. చివరి భుజం మీద పెరగాలి. తగ్గుతోంది."

"యంత్రం తప్పా సార్?"

"ప్రతి మిట్ట దగ్గరా తప్పు చేయదు కదా. అతని ముందున్న మనిషి మునివేళ్ళ మీద లేచి తను మోస్తున్నాడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను పన్నెండేళ్ళుగా బరువులు చూస్తున్నాను హైమా. మనుషులను ఇవాళే చూస్తున్నాను."

చివరి ప్రయాణాన్ని నేను విడిగా తీసి పెట్టాను. నాలుగు నిమిషాలకు కుదించాను. అందులో మేనాను నేలకేసి కొట్టిన చోటు కోసం వెతికాను. అలాంటి కుదుపు ఎక్కడా లేదు. నాలుగు భుజాల మీదా బరువు ఒకేసారి, చాలా నెమ్మదిగా, నిద్రపోయిన పిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు తగ్గింది. సున్నాకు వచ్చింది. ఆ వెంటనే మళ్ళీ పెరిగింది.

మళ్ళీ ఎత్తుకున్నారన్నమాట, అనుకున్నాను. మనసు చివుక్కుమంది. కానీ ఉన్నది ఉన్నట్టు చూపించడమే మా పని. ఆ పెరిగిన బరువు కూడా ఒక అర నిమిషం ఉంచి అక్కడ ఆపాను. గీతనే చూశాను. ఒక్కసారి నా భుజానికి వేసుకుని చూసి ఉంటే తేడా తెలిసేది.

*

బడికి మేము తీసుకెళ్ళిన భుజపట్టీలు నాలుగు. మెత్తటి తోలు, లోపల గాలిసంచులు. గీత ఎలా నడిస్తే అవి అలా నొక్కుతాయి, అసలు బరువులో అయిదో వంతు మాత్రమే. పిల్లలు వాటికి అప్పుడే యాది మిషన్ అని పేరు పెట్టేశారు.

మొదటి నలుగురిలో హారిక ఉంది. ముందు రెండో భుజం అడిగి మరీ తీసుకుంది. చివర అరవింద్.

"దొరగారు లేరా మేడం? నేను ఎక్కి కూసుంట" అన్నాడు అరవింద్. అందరూ నవ్వారు.

మొదలైన అర నిమిషానికి నవ్వులు ఆగాయి. నలుగురూ తెలియకుండానే ఒకే లయలో ఊగుతున్నారు. అరవింద్ పై పెదవి మీద చెమట పట్టింది. "మిట్ట వచ్చింది" అన్నాన్నేను. ముందున్న ముగ్గురూ పళ్ళు బిగించారు.

"నాకు తగ్గింది" అన్నాడు అరవింద్ ఆశ్చర్యంగా. "మేడం, నాకెందుకు తగ్గింది?"

నేను చెప్పేలోపే దించే చోటు వచ్చింది. మెల్లగా, మెల్లగా బరువు పోయింది. నలుగురూ ఊపిరి వదిలారు. హారిక ముఖంలో ఒక కాంతి లేచింది. మరుక్షణం నాలుగు పట్టీలూ మళ్ళీ నొక్కాయి.

అరవిందే ముందు మాట్లాడాడు. ఎగతాళిగా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "నేలకు కొట్టలే. మంచిగ దించిండ్రు. మళ్ళ ఎత్తుకున్నరు గదా."

"ఎత్తుకోలే" అంది హారిక.

"ఎత్తుకున్నరే. నా భుజం మీద ఉన్నది ఇప్పుడు. నువ్వు స్టేజీ మీద చెయ్యి లేపి కొట్టినవు గదా, అది ఉత్తదే."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. సువర్ణ టీచర్ "అరవింద్!" అంది. హారిక పట్టీని విప్పి బల్ల మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది. బ్యాగు చేత్తో పట్టుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత పట్టీలు వేసుకున్న మిగతా జట్లకు ఎలా సాగిందో నాకు గుర్తు లేదు.

*

నాలుగు రోజుల తర్వాత టీచర్ ఫోన్ చేసింది.

"హారిక బడికి రావట్లేదండీ. ఇంటికి వెళ్ళాను. ఆ అమ్మాయి బయటికి రాలేదు. వాళ్ళ నాన్న 'మా ముత్తాత పేరు అట్లన్న ఉండనిస్తే అయిపోవు గదా టీచర్' అన్నాడు. అవ్వకు ఇంకా ఎవరూ చెప్పలేదట, ఏం చూపించామో. నేనే పొరపాటు చేశానేమో. తెలియని పిల్లలకు ఒక మంచి కథ ఉండేది. అది కూడా తీసేశాను."

"మీరు కాదు" అన్నాను.

ఆ వారమంతా వాన. మేముండే హాస్టల్లో స్నానాల గది తలుపు చెక్కది. వానపడితే ఉబ్బి మూసుకోదు. ప్రతి ఏడూ ఇదే గొడవ. ఆ ఉదయం బకెట్టుతో తలుపును నెడుతుంటే పక్కగది రమణి, "పోయిన వానాకాలం నుంచీ చెప్తున్నా వార్డెన్‌కి. ఇది రెండో వానాకాలం" అంది.

నేను బకెట్టు అక్కడే పెట్టేశాను.

ప్రయోగశాలకు వెళ్ళేసరికి ఇంకా ఎవరూ రాలేదు. దండె గీతలు తెరిచాను. యంత్రం కత్తిరించేది ఎర్ర గీతను. నీలం గీతను మేమెప్పుడూ పట్టించుకోలేదు కాబట్టి దాన్ని కత్తిరించమని ఎవరూ చెప్పలేదు. అది ఒక్క ముక్కగా, ఉన్నది ఉన్నట్టుగా ఉంది. రెండింటినీ దగ్గర పెట్టాను. బరువు సున్నాకు వచ్చిన చోటు నడి ఎండాకాలం. బరువు మళ్ళీ పెరిగిన చోటు వానలు వెనకబట్టిన కార్తె. కానీ ఆ ఏడు కాదు. మధ్యలో ఒక గూను. ఇంకో గూను.

పదిహేడు నెలలు.

పట్టీ తీసి నా భుజానికి వేసుకున్నాను. మళ్ళీ పెరిగిన ఆ బరువును మాత్రం ఆడించాను. ఊపు లేదు. అడుగు లేదు. నాలుగు చోట్లా సమంగా, కదలకుండా ఉంది. అది మనిషి మోస్తున్న బరువు కాదు. కప్పు.

సార్ వచ్చేసరికి నేను పట్టీ తీయకుండానే కూర్చుని ఉన్నాను. చూపించాను. ఆయన నీలం గీత మీద వేలు పెట్టి ఒక గూను ఎక్కి దిగి, రెండోది ఎక్కి దిగారు.

"కత్తిరించింది తిరిగి వస్తుందా?" అన్నారు, జవాబు ఆయనకే బాగా తెలిసినా.

"రాదు సార్. పోగులు తిరిగి వెళ్ళిపోయాయి."

"అందులో ఏముండి ఉంటుంది?"

"తెలియదు సార్. బరువు లేని చోట చదివేదేమీ ఉండదని..."

"నేనే చెప్పాను" అన్నారు. "మనం వంతెనల వాళ్ళం హైమా. మోసినంతకాలమే మనకు లెక్క. మోయనన్న రోజును మన యంత్రం చెత్తబుట్టలో వేసింది." తర్వాత, "వ్యాను తీసుకెళ్ళు. దండెను కూడా తీసుకెళ్ళు. అది వాళ్ళది. తప్పు మనదని పిల్లల ముందు చెప్పు, నా పేరుతోనే చెప్పు" అన్నారు.

*

అవ్వ మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. హారిక గోడకు ఆనుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. నేను జరిగింది మొత్తం చెప్పాను. దించడం, కత్తిరించడం, అతికించడం. అవ్వ చేతులు ఆగలేదు.

"నేలకు కొట్టిండని మీకు ఎవ్వలు జెప్పిండ్రే?" అంది చివరికి, హారికతో.

"తాత చెప్పిండు. ఊర్లందరు అంటరు."

"నేనన్ననా ఎన్నడన్న?"

హారిక ఆలోచించింది. "అనలే."

"లోపల దొరసాని ఉండె. నిండు నెలలు. కాన్పుకు తల్లిగారింటికి తోల్కపోతున్నరు. ఎట్ల కొడ్తరు? చెంబుల నీళ్ళు తొణకకుంట నడిచే మనుషులు వాళ్ళు."

"మరి ఆ చివరి మనిషికి మిట్ట మీద బరువు తగ్గిందేంటవ్వా?" అన్నాను.

ఇప్పుడు ఆమె చేతులు ఆగాయి. "అది గూడ జెప్పిందా దండె?" అంది మెల్లగా. "మా పెదనాయిన. దగ్గు రోగం. మిట్ట వస్తే ఆయినకు ఊపిరాడకపోవు. ముందటాయన ఎత్తి పట్టేటోడు. మా అమ్మకు గూడ చెప్పలే వాళ్ళు, నేను చాటుంగ విన్న."

"అవ్వా" అన్నాను, "మేం పోగొట్టింది నీ దగ్గర ఉంది. బడికి వచ్చి చెప్తావా?"

"నడవలేను గదా బిడ్డా."

"నేను పట్టుకొస్త" అంది హారిక. ఆ రోజు ఆమె నా వైపు చూసి మాట్లాడిన మొదటి మాట.

*

అవ్వ టీచర్ కుర్చీలో కూర్చుంది. దండె గోడ పక్కన నేల మీద ఉంది. నేను పిల్లల ముందు నిలబడి, తప్పు మాదని, మా సార్ ఈ మాట చెప్పమన్నారని చెప్పాను. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. ఎవరూ నవ్వలేదు.

"ఆ రోజు మీకు చూపించిన దాంట్లో పదిహేడు నెలలు లేవు. నెలకు ఒక నిమిషం చొప్పున వాటిని మళ్ళీ పెట్టాను. అప్పుడు నిలబడినవాళ్ళే రండి."

నలుగురూ పట్టీలు వేసుకున్నారు. నడక, మిట్ట, మళ్ళీ నడక. బరువు మెల్లగా దిగింది. సున్నా.

అందరూ ఎదురుచూశారు. అరవింద్ భుజం బిగపట్టుకుని ఉన్నాడు, ఏ క్షణమైనా నొక్కుతుందని.

నొక్కలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"మిషన్ ఆగిందా మేడం?"

"నడుస్తోంది."

అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. గట్టిగా చెప్పలేదు, అందరూ ముందుకు వంగారు.

"తల్లిగారి గడప కాడ దించిండ్రు. దొరసాని లోపలికి పోయింది. వాపసు ఖాళీ మేనా తేవాలె. మా నాయిన దండె గుంజిండు మేనాలకెల్లి. మేనా దొరది. దండె మాది. మా తాతలు చెట్టు గొట్టి, నూనె రాసి చేసుకున్నది. ఏ ఊరి బోయీల దండె ఆ ఊరి బోయీలదే. మేనాను ఆడనే ఇడిసిండ్రు. దండె తీస్కొని నలుగురు ఇంటికొచ్చిండ్రు. పన్నెండు మైళ్ళు. భుజం మీద పెట్టలే. చేతులల్ల పట్టుకొచ్చిండ్రు. నాకేడేండ్లు. నేను వాకిట్ల నిలవడి చూసిన. నాయిన అరచేతులు పగిలి నెత్తురు."

నేను గోడకు ఆనుకున్నాను. పన్నెండు మైళ్ళు చేతుల్లో. ఉత్త కర్ర బరువు. యంత్రానికి అది లెక్కలోకి రానంత తక్కువ. అది కూడా మేము కత్తిరించినదాంట్లోనే ఉంది.

"తెల్లారి దొర మనిషి వచ్చిండు. ఎత్తుతరా లేదా అన్నడు. నాయిన ఊకున్నడు. మళ్ళ తెల్లారి వచ్చిండు. రోజు వచ్చేటోడు. మా నాలుగిండ్లకు బాయి నీళ్ళు బందు వెట్టిండ్రు. పనికి ఎవ్వలు పిలువలే. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నం. మా పెదనాయిన ఆ వానకాలమే పోయిండు."

ఆరో నిమిషం. పిల్లలు కదలడం మానేశారు.

"పక్కూరి బోయీలను పిలిపించిండు దొర. వాళ్ళొచ్చిండ్రు, మేనా చుట్టు తిరిగి చూసిండ్రు. 'దండె లేదు గదా దొరా' అన్నరు. 'మీది తెచ్చుకోండ్రి' అన్నడు దొర. 'మాది చెదలు వట్టింది' అన్నరు. ఇంకో ఊరోళ్ళు వచ్చిండ్రు. వాళ్ళది గూడ చెదలు వట్టిందట." అవ్వ పళ్ళులేని నోటితో నవ్వింది. "ఆ ఏడు అన్ని ఊర్లల్ల చెదలే."

క్లాసు గొల్లుమంది. టీచర్ కూడా నవ్వింది. నవ్వు తగ్గింది. పట్టీలు భుజాల మీద ఉత్తగానే ఉన్నాయి.

"ఇంకెంతసేపు?" అన్నాడు అరవింద్.

"వాళ్ళకు మాత్రం తెలుసునా?" అంది అవ్వ. "దండె వాకిట్లనే పడి ఉండె. రెండు వానకాలాలు. మా అమ్మ పొయ్యిల పెడ్తనన్నది. నాయిన వద్దన్నడు. అది గూడ మోసింది గదా అన్నడు. రెండో వానకాలానికి గుడిసె కూలింది. దూలానికి కర్ర లేదు. అప్పుడు ఎత్తిండ్రు, మా ఇంటి మీదికి."

పదిహేడో నిమిషం దాటింది. నాలుగు పట్టీలూ నొక్కాయి. ఈసారి హారిక కళ్ళు మూసుకుంది.

"ఊగుత లేదు" అంది. "ఇది మా ఇల్లు."

అరవింద్ పట్టీ విప్పి చేతిలో పట్టుకుని, టీచర్ వైపు తిరిగాడు. "చక్కెర లెక్కనే టీచర్" అన్నాడు. "బయటికి ఏం కనవడది."

సువర్ణ టీచర్ తల ఊపింది. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది కానీ ఏమీ రాయలేదు.

*

సాయంత్రం దండెను ఇంటికి చేర్చాలి. వ్యాను సందు మొదట్లో ఆగింది. దించగానే ఎనిమిదిమంది పిల్లలు మూగారు. అరవింద్, ఇంకో ముగ్గురు ఒక ఎత్తున దాన్ని భుజం మీదికి లేపారు.

"అరేయ్, భుజం మీద గాదు!" హారిక అరిచింది. అచ్చం అవ్వ గొంతు.

జహంగీర్ భాయ్ నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ మొదటి రోజు గుర్తొచ్చింది ఇద్దరికీ.

"మా ఇంట్ల భుజం మీదికి ఎత్తేది పాడె ఒక్కటే" అంది అవ్వ, నా చేయి పట్టుకుని నిలబడి. "బియ్యం బస్తా అయినా సిలిండరయినా నెత్తి మీద, లేకుంటే నడుము మీద. నాయిన అట్లనే అన్నడు. అట్లనే ఉన్నం."

పిల్లలు దండెను చేతుల్లోకి దించుకున్నారు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఆ కర్ర లోపల ఇప్పుడు ఏమీ లేదు. మేనా లేదు, మిట్ట లేదు, ఇల్లు కూడా లేదు. దూలంగా ఇక పనికిరాదని అవ్వకు ముందే చెప్పాను. గోడ పక్కన పెడతా, ఇగ దాని మీద ఏం పెట్టొద్దు, అంది.

నలుగురు బోయీల్లా వాళ్ళ అడుగులు కలవడం లేదు. ఒకరి మడమను ఒకరు తొక్కుకుంటున్నారు. పదిహేను గజాలు పోయారో లేదో అరవింద్ వెనక్కి తిరిగి అరిచాడు.

"చేతులు గుంజుతున్నయవ్వా!"

"గుంజితే దించు" అంది అవ్వ. "దించి, పాణం కుదురువడ్డంక పట్టుకో. నిన్నెవ్వలు అదిలియ్యరు."

వాళ్ళు దండెను నేల మీద పెట్టారు, మెల్లగా. అరచేతులు చూసుకున్నారు, దులుపుకున్నారు, మళ్ళీ పట్టుకున్నారు. ఆ ఎనభై గజాల దారిలో మొత్తం నాలుగుసార్లు దించారు. చివరి రెండుసార్లు ఎవరి చేతులూ లాగకుండానే దించారు.